వీడియో గేముల పోరు – మన పక్షం ఏది?

పోటీ ఉన్నచోట ప్రగతి ఉంటుందని అర్థశాస్త్రం చెబుతున్నది. సంతలో ఒకే వర్తకుడున్నప్పుడు అతడు చెప్పిందే ధర, అతడు తూచిందే తూకం. ఇద్దరున్నప్పుడు కొనేవాడి మాటకు కొంత విలువ కలుగుతుంది. ఈ సత్యాన్ని ఎవరూ కాదనలేరు. ఐతే ఆ ఇద్దరూ మనల్ని మెప్పించటానికి పోటీ పడుతున్నారా, లేక మనల్ని తమ ఆవరణలో కట్టివేయటానికి పోటీ పడుతున్నారా అనేది వేరే ప్రశ్న. నేటి విద్యార్థిలోకాన్ని విశేషంగా ఆకర్షిస్తున్న వీడియో గేము యంత్రాల విషయంలో, అనగా కన్సోళ్ళ విషయంలో, ఈ రెండవ ప్రశ్నను మనం వేసుకోవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము.

ఆత్మకూరు వంటి పట్టణంలో ఈ చర్చ ఎందుకని కొందరు పెద్దలు ఆశ్చర్యపోవచ్చు. నల్లమల అంచున ఉన్న ఈ ఊళ్ళో యాభై వేల రూపాయల ఆటవస్తువు ఎన్ని ఇళ్ళలో ఉంటుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని వస్తువు లేని ఇంట్లోకి కూడా దాని వాదం ప్రవేశించింది. సెల్‌ఫోను తెరపై ఇతరులు ఆడే ఆటలను చూస్తూ పెరిగిన మన విద్యార్థులు, ఆ యంత్రాన్ని చేత్తో తాకకముందే సోనీ పక్షమనీ, మైక్రోసాఫ్ట్ పక్షమనీ చీలి, విరామ సమయాల్లో వాదులాడుకోవటం మేము వింటూనే ఉన్నాము. వాదన మంచిదే. దాని వెనుకనున్న చరిత్ర తెలిసి వాదిస్తే మరింత మంచిది.

ఇంటి టెలివిజనుకు తగిలించి ఆడుకొనే తొలి యంత్రం 1972లో అమెరికాలో వెలువడింది. దాని పేరు మాగ్నవాక్స్ ఒడిస్సీ. 1977లో అటారీ కంపెనీ యంత్రం వచ్చి ఆ దేశమంతటా వ్యాపించింది. నాసిరకం ఆటలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడటంతో 1983లో అమెరికాలో ఆ వ్యాపారం కుప్పకూలింది. అదే సంవత్సరం జపానులో నింటెండో కంపెనీ తన యంత్రాన్ని విడుదల చేసి, 1985లో అమెరికాలో అడుగుపెట్టింది. అటారీ పతనం నుండి నింటెండో నేర్చుకొన్న పాఠం తలుపుకు తాళం వేయటం. తన అనుమతి లేని ఆట తన యంత్రంలో నడవకుండా లోపల ఒక చిప్పును అమర్చింది. ఆటలు తయారుచేసే ఇతర కంపెనీలు ఏడాదికి అయిదు ఆటలకు మించి ఇవ్వరాదనీ, ఇచ్చిన ఆటను రెండేళ్ళపాటు మరో యంత్రానికి ఇవ్వరాదనీ నిబంధన పెట్టింది. నాసిరకం ఆటలు తగ్గిన మాట నిజమే. కాని నాణ్యతకై వేసిన తాళం క్రమంగా వ్యాపారానికి తాళమయింది. ధరలు తగ్గకుండా దుకాణదారులను కట్టడి చేస్తున్నదన్న ఆరోపణపై 1991లో అమెరికా ప్రభుత్వ సంస్థలతో నింటెండో రాజీకి వచ్చి, కొనుగోలుదారులకు అయిదేసి డాలర్ల కూపన్లు ఇవ్వవలసి వచ్చింది. ఏకఛత్రాధిపత్యం ఎంత చల్లగా కొనేవాడి జేబును తాకుతుందో తెలుసుకోవటానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆ గొడుగును చించినది సేగా. అదీ జపాను కంపెనీయే. 1991లో తన యంత్రం ధర తగ్గించి, సోనిక్ అనే నీలిరంగు ముళ్ళపంది ఆటను యంత్రంతోపాటే ఇచ్చి, నింటెండోవారి మారియోను నేరుగా హేళన చేస్తూ ప్రకటనలు గుప్పించింది. నాలుగైదేళ్ళపాటు అమెరికా బాలలోకం రెండుగా చీలిపోయింది. మారియో ఇంటి పిల్లవాడు, సోనిక్ ఇంటి పిల్లవాడు బడిలో ఎదురుపడితే వాగ్వాదమే.

ఇంతలో మూడవవాడు వచ్చాడు. సోనీ కంపెనీ నింటెండోతో కలిసి ఒక యంత్రం చేయటానికి ఒప్పుకొని, 1991 జూన్‌లో చికాగో ప్రదర్శనలో ఆ సంగతి ప్రకటించింది. మరునాడే నింటెండో అదే ప్రదర్శనలో తాను ఫిలిప్స్ కంపెనీతో చేయి కలుపుతున్నట్లు చాటింది. నిండుసభలో జరిగిన ఆ అవమానం నుండి పుట్టినదే ప్లేస్టేషన్. 1994 డిసెంబరులో జపానులో విడుదలయింది. 1995 మే నెలలో అమెరికాలో జరిగిన మరో ప్రదర్శనలో సేగావారు తమ కొత్త యంత్రం ధర 399 డాలర్లని ప్రకటించగా, సోనీ ప్రతినిధి వేదికనెక్కి 299 అనే అంకె చెప్పి దిగిపోయాడని ఆ రంగంలోనివారు నేటికీ చెప్పుకొంటారు. సేగా ఆ దెబ్బ నుండి కోలుకోలేదు. 2001లో యంత్రాల తయారీనే మానుకొంటున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌తో రంగంలో దిగింది. నాటి నుండి నేటి వరకు రంగంలో ప్రధానంగా మిగిలినవారు ముగ్గురు: నింటెండో, సోనీ, మైక్రోసాఫ్ట్.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటున్నది. సేగా ఓడిపోయిన తర్వాత సోనిక్ ఏమయ్యాడు? 2001లోనే నింటెండో యంత్రాలపై ప్రత్యక్షమయ్యాడు. 2007లో మారియో, సోనిక్ ఇద్దరూ ఒలింపిక్ క్రీడల పేరిట వచ్చిన ఒకే ఆటలో పక్కపక్కన పరుగెత్తారు. ఎవరి కోసం బాలలు స్నేహాలు తెంచుకొన్నారో వారే చేయి చేయి కలిపారు. ఈ సంగతి మన సీమవాసులకు కొత్త కాదు. ఎవరో ఇద్దరు నాయకుల పగకు ఊళ్ళోని నిరుపేదలు తలలు పగులగొట్టుకొన్న రోజులు మనకు తెలుసు. కాలం మారి ఆ నాయకులు రాజీపడి ఒకే కండువా కప్పుకొన్నా, కూలివాని ఇంట పోయిన ప్రాణం తిరిగి రాలేదు. ప్రేమ్‌చంద్ రచించిన చదరంగపు ఆటగాళ్ళ కథ ఉర్దూ విద్యార్థులకు సుపరిచితమే. తమ నవాబును బందీగా పట్టుకొనిపోతున్నా కంట నీరు పెట్టని ఇద్దరు రసికులు, బల్లమీది పావు కోసం కత్తులు దూసి ఇద్దరూ నేలకొరుగుతారు. కంపెనీల కోసం కలహించే వారిని చూసినప్పుడు మాకు ఆ కథ గుర్తుకు రావటంలో వింత లేదు.

ఇక మన దేశం సంగతి. 1990వ దశకంలో మన పట్టణాల్లో ఇళ్ళకు వచ్చిన కాసెట్టు గేములు చాలావరకు నింటెండో యంత్రానికి తూర్పు ఆసియాలో తయారైన నకళ్ళు. ఆ తర్వాత గంటకింత అని అద్దె తీసుకొని ప్లేస్టేషన్ ఆడించే దుకాణాలు వెలిశాయి. సోనీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు స్వయంగా మన మార్కెట్టుపై దృష్టి పెట్టింది 2000 తర్వాతి సంవత్సరాల్లోనే. ఎక్స్‌బాక్స్ 360 యంత్రం 2006లోను, ప్లేస్టేషన్ 3 యంత్రం 2007లోను ఇక్కడ విడుదలయ్యాయి.

2009లో మన తెలుగువారు గర్వించదగిన ఒక సంఘటన జరిగింది. హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ తయారుచేసిన హనుమాన్ బాయ్ వారియర్ అనే ఆటను సోనీ విడుదల చేసింది. అదే ఏడాది హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ దేశీ అడ్డా అనే మరొక ఆటను అందించింది. అందులో చెడుగుడు, బిళ్ళంగోడు, గాలిపటాలు ఉన్నాయి. మన వీధుల్లో మట్టి కొట్టుకొని ఆడిన ఆటలు జపాను కంపెనీ యంత్రంలోకి ఎక్కటం చిన్న విషయం కాదు. కాని ఒక్కసారి తేదీలు పోల్చి చూడండి. ఈ ఆటలు ప్రధానంగా వచ్చింది 2000 సంవత్సరం నాటి ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం. అప్పటికి ప్లేస్టేషన్ 3 లోకంలోకి వచ్చి మూడేళ్ళు కావస్తున్నది. అనగా విందు ముగిసి విస్తళ్ళు తీసే వేళకు మనవాళ్ళకు పిలుపు వచ్చిందన్నమాట. తయారుచేసినవారి ప్రతిభలో లోపమని మేము అనటం లేదు. ఆ మహా సంస్థల పోటీ మన కోసం జరిగినది కాదని మాత్రమే మా మనవి. వారి దృష్టిలో మనం చివరి వరుసలోని కొనుగోలుదారులం.

విశేషమేమంటే, ఈ పోరులో ఒక పక్షానికి నేడు సారథ్యం వహిస్తున్నది తెలుగు బిడ్డ. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలుగల కుటుంబంలో, ఐ.ఏ.ఎస్. అధికారి యుగంధర్ గారి కుమారునిగా 1967లో హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. 2022 జనవరిలో ఆయన సంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే ఆటల కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొనబోతున్నట్లు ప్రకటించింది. కాల్ ఆఫ్ డ్యూటీ వంటి ఆటలు తమ యంత్రానికి దక్కకుండా పోతాయని సోనీ గగ్గోలు పెట్టింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి కోర్టుకెక్కింది. 2023 జూన్‌లో నాదెళ్ళవారు శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయస్థానంలో సాక్ష్యమిస్తూ, ఒక యంత్రానికే ఆటలను కట్టివేసే పద్ధతి తనకు ఇష్టం లేదనీ, ఆ పద్ధతిని మార్కెట్టులో పెద్దదైన సోనీయే నిర్ణయించిందనీ, అటువంటి లోకంపై తనకు ప్రేమ లేదనీ తెలియజేశారు. న్యాయమూర్తి కొనుగోలును ఆపటానికి నిరాకరించారు. 2023 అక్టోబరులో వ్యవహారం పూర్తయింది.

మన ప్రాంతపు బిడ్డ అన్న అభిమానంతో ఆ మాటలను తలకెత్తుకోవాలా? లేక మూడవ స్థానంలో ఉన్న వర్తకుడు మొదటి స్థానంలోని వర్తకుణ్ణి గూర్చి చెప్పిన మాటగా తేలిక చేయాలా? ఆ తర్వాత జరిగిన దానిని బట్టి తేల్చుకోవటమే సబబు. 2024లో మైక్రోసాఫ్ట్ తన ఆటలు నాలుగింటిని ఇతర యంత్రాలకు విడుదల చేస్తున్నట్లు ప్రకటించింది. 2025లో ఫోర్జా హొరైజన్ 5 వంటి పెద్ద ఆట కూడా ప్లేస్టేషన్‌కు వచ్చింది. కనుక ఆ మాట కొంతవరకు ఆచరణలోకి వచ్చిందని ఒప్పుకోవాలి. ఐతే దాని వెనుక ఉన్నది ఔదార్యం కాదు, లెక్క. తక్కువ యంత్రాలు అమ్ముడుపోయిన కంపెనీకి ఎక్కువ ఇళ్ళలో ఆట అమ్ముకోవటమే లాభం. మొదటి స్థానంలో ఉండగా గోడలు కూల్చిన వర్తకుణ్ణి మేము ఈ చరిత్రలో ఇంతవరకు చూడలేదు.

పోటీ వల్ల మేలు జరగలేదని మేము అనటం లేదు. 2013లో మైక్రోసాఫ్ట్ కొత్త యంత్రాన్ని ప్రకటించినప్పుడు, వాడిన ఆటను మరొకరికి అమ్ముకోవటంపైన, మిత్రునికి ఇచ్చుకోవటంపైన కొన్ని ఆంక్షలు విధించింది. తమ యంత్రంలో అటువంటి ఆంక్షలుండవని సోనీ ప్రకటించగా, కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ వెనక్కు తగ్గింది. 2018లో ఫోర్ట్‌నైట్ అనే ఆటలో ఇతర యంత్రాలవారితో కలిసి ఆడటానికి సోనీ ఆ సెప్టెంబరు వరకు అంగీకరించలేదు. ఆటగాళ్ళందరూ ఒక్క గొంతుతో అడిగిన తర్వాత తలుపు తెరిచింది. ఈ రెండు విజయాల్లోను ఒక పోలిక ఉన్నది. పక్షాభిమానంతో కంపెనీని వెనకేసుకొచ్చినవారి వల్ల అవి రాలేదు. మాకిది వద్దు అని నిలదీసినవారి వల్ల వచ్చాయి.

మరి నేటి స్థితి ఏమిటి? అమెరికాలో ప్లేస్టేషన్ 2 యంత్రం 2000లో 299 డాలర్లకు వచ్చి, 2009 నాటికి 99 డాలర్లకు దిగింది. కాలం గడిచేకొద్దీ యంత్రం చౌక కావటం అప్పటి రివాజు. ఇప్పుడు గంగ వెనక్కు ప్రవహిస్తున్నది. 2020లో 499 డాలర్లకు వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 2025 అక్టోబరులో దాదాపు 650 డాలర్లకు చేరింది. 2025లోనే సోనీ కూడా అమెరికాలో తన యంత్రం ధర పెంచింది. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చిన ప్లేస్టేషన్ 5 ధరను 2022 చివరలోనే 54,990 చేశారు. ధర పెరిగినా పనిచేసేవారికి భద్రత పెరగలేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగంలో 1,900 మందిని, మరుసటి నెలలో సోనీ సుమారు 900 మందిని తొలగించాయి. పోటీ ఉండి కూడా ధర ఎందుకు పెరిగింది? విడిభాగాల ఖర్చు, సుంకాలు ఒక కారణం. మరో కారణం మనం పైన చెప్పుకొన్న గోడ. ఒక యంత్రానికి కొన్న ఆటలు రెండవ యంత్రంలో పనిచేయవు. పది ఆటలు కొన్నవాడు పక్షం మారాలంటే ఆ పదింటినీ వదులుకోవాలి. తాను యంత్రాలను లాభానికి అమ్మటం లేదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి 2021లో కోర్టులో చెప్పారు. లాభం ఆటలపైన, చందాలపైన వస్తుంది. అనగా యంత్రం ఎర. గాలం తర్వాత ఉంటుంది.

మన పెద్దలు ఆలయ మండపాల్లో, రచ్చబండలపైన గీతలు చెక్కి ఆడిన పులిజూదం ఈ స్థితికి చక్కని ఉపమానం. 3 పులులు, 15 మేకలు. పులి మేకపైనుండి దూకి తినగలదు. మేకకు దూకే శక్తి లేదు. ఐనా తెలిసినవాడు ఆడితే మేకలే గెలుస్తాయి, ఒకదాని వెనుక ఒకటి సందు లేకుండా నిలిచి పులులకు దారి మూయటం ద్వారా. ఈనాటి పటంపై కూడా పులులు మూడే. ఐతే మన మేకలు కొన్ని ఒక పులి పక్షాన, కొన్ని మరో పులి పక్షాన నిలిచి, నా పులి పంజా పెద్దది, నా పులి కోర వాడి అని కీచులాడుకొంటున్నాయి. ఏ పులి గెలిచినా ఆహారం ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

వీడియో గేము అన్న మాటే చెడ్డదని తలచే పెద్దలకు ఒక మనవి. మితిమీరిన ఆట చదువుకు చేటు, కంటికి చేటు. ఇందులో భేదాభిప్రాయం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు కుటుంబాలను కూల్చిన సంగతి కూడా తెలిసినదే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం అటువంటి ఆటలను నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించి ప్రోత్సహించదలచింది. చట్టమే ఇంత విచక్షణ చూపినప్పుడు మనం అన్నిటినీ ఒకే గాట కట్టటం భావ్యం కాదు. నిషేధించినంత మాత్రాన విద్యార్థి ఆడటం మానడు. చాటుగా ఆడతాడు. ఆడేదాని లోపల ఏమున్నదో తెలిసిన విద్యార్థిని మోసగించటం కష్టం.

కావున ఒకటి రెండు సూచనలు చేయదలచాము. యాభై వేలు పెట్టి పరాయి ఆట ఆడటం కన్న, ఉన్న కంప్యూటరుపై ఆటను తయారుచేయటం నేర్చుకోవటం మేలు. అర్జెంటీనా దేశానికి చెందిన ఇద్దరు మిత్రులు తాము తయారుచేసుకొన్న గోడో అనే సాధనాన్ని 2014లో లోకానికి ఉచితంగా ఇచ్చివేశారు. దానితో ఎవరైనా ఆట తయారుచేసి అమ్ముకోవచ్చు, వాటా అడిగేవారు లేరు. 2023 మార్చిలో వెలువడిన దాని నాలుగవ సంచికలో ఒత్తులు, గుణింతాలు కలిసే తెలుగు వంటి లిపులను, కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ వంటి లిపులను సరిగా చూపే ఏర్పాటు ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండు కళ్ళుగా నడిచే మన కళాశాలకు ఇంతకన్న తగిన పనిముట్టు ఏముంటుంది? వేలాది రూపాయలు పోసి కొన్న కన్సోల్‌లో భాషల పట్టిక తెరిచిన మన విద్యార్థి, తన ఇంటి భాష అందులో లేక నిరాశపడుతున్నాడు. ఆ లోటును టోక్యోవారు గాని రెడ్మండ్‌వారు గాని తీరుస్తారని ఎదురుచూడటం వృథా.

కమిటీ పెద్దలు కంప్యూటరు గదిని వారానికి రెండు సాయంత్రాలు ఈ అభ్యాసానికి తెరిచి ఉంచవలెనని మా ప్రార్థన. కొత్త యంత్రాలు కొననక్కరలేదు. తెలుగు విభాగం, ఉర్దూ విభాగం కలిసి కథను, మాటలను సమకూర్చవచ్చు. గణితం చదివేవారు లెక్కలు చూసుకొంటారు. చిత్రలేఖనం వచ్చిన విద్యార్థినులు మన కళాశాలలో కొదువ లేరు. తొలి ప్రయత్నంగా పులిజూదాన్నే ఎన్నుకొంటే, నియమాలు అందరికీ తెలిసినవే కనుక పని సులువవుతుంది. పులుల అడవి పక్కన చదువుకొనేవారికి ఆ ఆటపై హక్కు కూడా ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! ప్లేస్టేషన్ గొప్పదా, ఎక్స్‌బాక్స్ గొప్పదా అని వాదించుకోండి, వద్దనము. కాని ఆ వాదంలో మూడు ప్రశ్నలు చేర్చండి. నేను కొన్నది నా మిత్రునికి ఇచ్చుకోగలనా? పక్షం మారితే నా వస్తువులు నా వెంట వస్తాయా? నా భాషకు ఇందులో చోటున్నదా? ఈ మూడింటికీ ఏ కంపెనీ సరైన జవాబు చెబుతుందో ఆనాటికి దానిని మెచ్చుకొందాం. జవాబు మార్చిన నాడు నిలదీద్దాం. తండ్రి చెమటోడ్చి సంపాదించిన రూపాయి మన చేతిలో ఉన్నంతవరకు మనం ఏ కంపెనీకీ సైనికులం కాము. మన పక్షం మన ఇల్లే.